ఏడ్చిన మనిషికీ ఆకలేస్తుంది

చావింటికి వెళ్లి పలకరించి వచ్చాక మనం ఏం చేస్తామో ఒకసారి గుర్తు చేసుకోండి. పెరట్లోనే తలకి నీళ్లు పోసుకుంటాం, కట్టుకున్న బట్టలు తడిపేస్తాం, దీపం చూసి ఇంట్లోకి వస్తాం. కాసేపటికి పక్కింటావిడ గోడ మీదుగా అడుగుతుంది, "పాపం, ఆవిడ ఏమన్నా తినిందా?" అని. "లేదమ్మా, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలా" అని చెబితే, ఆ ఇల్లాలికి పోయిన మనిషి మీద ఎంత ప్రేమో అనుకుంటారు. "ఆఁ, రెండు ముద్దలు తినింది" అంటే మాత్రం ఒక్క క్షణం ఎవ్వరూ మాట్లాడరు. ఆ తర్వాత ఎవరో ఒకరు, "అంతేలే, ఎవరి కడుపు వాళ్లది" అనేస్తారు.

అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారండీ. మనలాంటి వాళ్లే. కానీ ఆ మాట గోడలు దాటి ఆ ఇంట్లోకే వెళుతుంది. వెళ్లి, దుఃఖంలో ఉన్న ఆడమనిషి గొంతులో అడ్డం పడుతుంది. ఈ వారం దాని గురించే మీతో మాట్లాడదామనుకుంటున్నాను.

మా వీధిలో ఒకావిడ ఉంది. పేరు రాయను. పలకల పనికి వెళ్లి నాలుగు రూపాయలు తెచ్చే ఎదిగొచ్చిన కొడుకు, నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. మార్కాపురంలో పలకల దుమ్ము పడని ఇల్లు ఎట్లా ఉండదో, ఆ రోజు ఆ వీధిలో ఏడవని ఇల్లు లేదు. ఆవిడ మూడు రోజులు ఏమీ తినలేదు. బతిమాలిన కొద్దీ మొహం గోడవైపు తిప్పుకునేది. నాలుగో రోజు మధ్యాహ్నం, జనం పల్చబడ్డాక, పక్కన కూర్చున్న పెద్దామె చెవిలో మెల్లగా ఒక మాట అంది. నేనూ అక్కడే ఉన్నాను గనక వినపడింది. "అక్కా, ఆకలేస్తుండాది. బిడ్డ పోయిన నాలుగో దినానికే ఆకలేస్తుండాదంటే నేనేం తల్లిని అక్కా?" అని, నోట్లో కొంగు కుక్కుకుని, కొడుకు పోయిన రోజుకంటే ఎక్కువగా ఏడ్చింది.

ఆ పెద్దామె ఒక్క నీతి వాక్యం కూడా చెప్పలేదు. లేచి వెళ్లి, మెత్తటి అన్నంలో మజ్జిగ పోసి పిసికి తెచ్చింది. ముందు తను ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. తర్వాత అదే పళ్లెంలోంచి ఆవిడకి ఒక ముద్ద పెట్టింది. "నేనూ పొద్దున్నించి తినలా. నువ్వు తినకపోతే నేనూ తినను" అంది. అంతే. ఇద్దరూ ఏడుస్తూనే పళ్లెం ఖాళీ చేశారు.

ఆవిడ అడిగిన ప్రశ్న మటుకు నా మనసులో ఉండిపోయింది. బిడ్డ పోయిన తల్లికి ఆకలేయడం తప్పా? ఇది మన వీధుల్లో మొదలైన ప్రశ్న కాదని, వేల ఏళ్ల కిందటే పెద్ద పెద్ద కావ్యాలు చెప్పినవాళ్లు కూడా దీని దగ్గర ఆగి ఆలోచించారని తర్వాత తెలిసింది.

వీరగాథలంటే మనకు కత్తులూ గుర్రాలే గుర్తొస్తాయి. మగవాళ్ల కథలని మనం పెద్దగా పట్టించుకోం. కానీ యుద్ధం ముగిసిన చోట ఎవరున్నారో చూడండి. తల్లులు, భార్యలు, ముసలి తండ్రులు ఉంటారు. అక్కడి నుంచి కథ మన వంటింటి దాకా వస్తుంది.

దూరం ఎందుకు, మన త్రిపురాంతకం మండలంలోనే మేడపి అనే ఊరుంది. 12వ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధం కథలో ఆ ఊరు వస్తుంది. కోడిపందెంలో ఓడి, ఏడేళ్లు రాజ్యం విడిచిపెట్టి వచ్చిన మాచర్ల వాళ్లు, బ్రహ్మనాయుడితో పాటు ఇక్కడే తలదాచుకున్నారని చెబుతారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి గురజాలకు రాయబారం వెళ్లిన అలరాజు, తిరిగి వచ్చే దారిలో విషప్రయోగంతో చనిపోయాడు. దాంతో యుద్ధం తప్పలేదు.

బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడికి ఈ సంగతులేవీ తెలియనీయకుండా పెంచారు. ఒకరోజు అతను ఆడుతున్న బొంగరం ఎగిరి ఒక ఇల్లాలి కాలికి తగిలింది. నెత్తురు కారుతుంటే ఆవిడ, "మీవాళ్లంతా యుద్ధానికి పోతే నువ్విక్కడ బొంగరాలాడుకుంటున్నావా" అని దెప్పింది. అప్పుడు అతను తల్లి ఐతాంబ దగ్గరికి వెళ్లి సెలవు అడిగాడు. లేక లేక, ఎన్నో నోములు నోచి కన్న కొడుకు. వెళితే తిరిగి రాడని ఆ తల్లికి తెలుసు. వద్దని ఏడ్చింది. ఆఖరికి, పోయే ముందు భార్య మాంచాలను చూసి వెళ్లమంది. కోడలి మొహం చూసైనా ఆగుతాడేమోనని తల్లి ఆశ. మాంచాల అతన్ని ఆపలేదు. కత్తి అందించి పంపిందని మనవాళ్లు చెప్పుకుంటారు. బాలచంద్రుడు కారంపూడి యుద్ధభూమిలో పడిపోయాడు. 1966లో ఎన్.టి.రామారావు, భానుమతి నటించిన 'పల్నాటి యుద్ధం' సినిమా చూసినవాళ్లకు ఈ కథంతా గుర్తుండే ఉంటుంది.

సినిమాలో కంటే నాకు ఎక్కువ నచ్చిన సంగతి కారంపూడిలో ఇప్పటికీ జరుగుతుంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు అక్కడ వీరుల ఉత్సవాలు చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకొక పేరు. కథ పాడేవాళ్లు పాడుతుంటారు, ఆనాటి వీరుల ఆయుధాలని పూజలు చేస్తారు, దూరదూరాల నుంచి వీరాచారం పాటించే కుటుంబాలు వస్తాయి. రాయబారం రోజున అలరాజు కథ తలచుకుంటారు. ఆ మర్నాడు, మందపోరు నాడు, చాపకూడు ఉంటుంది. కులం పట్టింపు లేకుండా అందరూ ఒక్క బంతిన కూర్చుని తినాలని బ్రహ్మనాయుడు పెట్టిన భోజనమే ఈ చాపకూడు. కళ్లిపాడు, అంటే వీరులు నేలకొరిగిన రోజు, ఆఖర్న వస్తుంది.

గమనించారా? ఎనిమిది వందల ఏళ్ల కిందట పోయిన బిడ్డల కోసం ఏటా కన్నీళ్లు పెడతారు, ఏటా అన్నమూ పెడతారు. ఒకే పండగలో రెండూ ఉన్నాయి. ఏడ్చినచోట తినడం తప్పని అక్కడ ఎవ్వరూ అనుకోలేదు.

ఇక భారతం. నెల్లూరి మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన గారు విరాటపర్వం మొదలుకుని చివరిదాకా తెలుగు చేశారు. అందులో స్త్రీపర్వమని ఒకటుంది. పేరులోనే ఉంది చూడండి, అది మన పర్వం. యుద్ధం ముగిశాక గాంధారి, వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితో కురుక్షేత్రాన్ని చూస్తుంది. ఒక్కొక్క శవాన్నీ కృష్ణుడికి చూపించి ఏడుస్తుంది. తన కొడుకుల కోసమే కాదండీ, అవతలి పక్షం వాడైన అభిమన్యుడి కోసం, అతని మీద పడి ఏడుస్తున్న చిన్నపిల్ల ఉత్తర కోసం కూడా ఏడుస్తుంది. కడుపు మండి కృష్ణుణ్ణే శపిస్తుంది. ఆ తర్వాత అందరూ గంగ ఒడ్డుకు చేరి తర్పణాలు వదులుతుంటే, కర్ణుడు కూడా నా కొడుకేనని కుంతి బయటపెడుతుంది. అన్నేళ్లు గుండెలో దాచుకున్న మాట చెప్పడానికి ఆవిడకు చావు నీళ్లు వదిలే వేళ కావలసి వచ్చింది.

గాంధారి గురించి జనం చెప్పుకునే కథ ఇంకొకటుంది. ఇది వ్యాసభారతంలో లేదు, నోటి మాటగా వచ్చింది. శవాల మధ్య ఏడుస్తున్న గాంధారికి కృష్ణుడి మాయవల్ల పట్టరాని ఆకలి వేసిందట. పైన ఒక చెట్టుకు పండు కనిపించిందట. అందకపోతే కొడుకుల శవాలనే ఒకదానిమీద ఒకటి పేర్చి, ఎక్కి కోయబోయిందట. చూశావా, ప్రేమ కంటే ఆకలే పెద్దదని ఆ కథ నీతి చెబుతుంది. వినడానికి ఒళ్లు జలదరిస్తుంది. చివరికి నూరుగురు పిల్లలు పోయిన తల్లిని కూడా ఆకలి వేసినందుకు సిగ్గుపడేట్టు చేసింది. మనం గోడ మీదుగా అనే "ఎవరి కడుపు వాళ్లది" అన్న మాటకి ఇది పెద్దక్క.

ఇదే ఆకలిని ఇంకో దేశం వాళ్లు ఎట్లా చూశారో మా అమ్మాయి కాలేజీ పుస్తకాల వల్ల నాకు తెలిసింది. గ్రీసు దేశంలో హోమరు చెప్పాడనే 'ఇలియడ్' అనే కావ్యం ఉంది. సుమారు 2,700 ఏళ్ల నాటిది, 24 భాగాలు. ట్రాయ్ నగరం మీద గ్రీకులు చేసిన యుద్ధం అందులో కథ. ఆ ట్రాయ్ ఉన్న చోటు ఇప్పటి టర్కీలో ఉంది.

గ్రీకుల్లో మహావీరుడు అకిలీజ్. అతని ప్రాణస్నేహితుణ్ణి ట్రాయ్ యువరాజు హెక్టర్ చంపాడు. స్నేహితుడు పోయాక అకిలీజ్ అన్నం ముట్టనన్నాడు. అప్పుడు ఒడిస్యూస్ అనే పెద్దమనిషి, పోయినవాళ్ల కోసం ఒక దినం ఏడవాలి, సాగనంపాలి, మిగిలినవాళ్లు మటుకు తినాలి తాగాలి, కడుపు మాడ్చుకుంటే ఎవరికి లాభం అని చెప్పి చూశాడు. అకిలీజ్ వినలేదు. పగతో వెళ్లి హెక్టర్‌ను చంపాడు. అంతటితో ఆగక శవాన్ని రథానికి కట్టి ఈడ్చాడు. రోజుల తరబడి దహనానికి ఇవ్వలేదు. అయినా అతని దుఃఖం రవ్వంత కూడా తగ్గలేదు. పగ తీరినా మనసు చల్లబడలేదన్నమాట.

హెక్టర్ తండ్రి ప్రయామ్ రాజు ముసలివాడు. ఒక రాత్రి, బండి నిండా కానుకలు వేసుకుని, శత్రువుల మధ్య నుంచి అకిలీజ్ గుడారానికి వెళ్లాడు. కాళ్ల దగ్గర కూర్చుని, తన కొడుకుల్ని చంపిన ఆ చేతుల్నే ముద్దు పెట్టుకున్నాడు. "నీ తండ్రిని తలచుకో, ఆయనా నాలాంటి ముసలివాడే" అని వేడుకున్నాడు. ఆ మాటకి అకిలీజ్‌కు ఊళ్లో ఒంటరిగా ఉన్న తన తండ్రి గుర్తొచ్చాడు. ఒకరు కొడుకు కోసం, ఒకరు తండ్రి కోసం, స్నేహితుడి కోసం, ఇద్దరూ కలిసి ఏడ్చారు. ఎవరూ ఎవర్నీ ఊరుకోమనలేదు. ఏడుపు తీరాక అకిలీజే లేచి ఆ ముసలాయన చెయ్యి పట్టుకుని లేపాడు. శవాన్ని కడిగించి, నూనె రాయించి, బట్ట కప్పించాడు.

ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా అండీ? భోజనం చేద్దాం రమ్మన్నాడు. నియోబి అనే తల్లి కథ చెప్పాడు. ఆవిడకు ఆరుగురు కొడుకులు, ఆరుగురు కూతుళ్లు. పన్నెండు మందీ ఒకేసారి పోయారు. తొమ్మిది రోజులు శవాలు అట్లాగే పడి ఉన్నాయి. పదో రోజు దేవతలే వచ్చి పూడ్చారట. అంత దుఃఖంలోనూ, ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక నియోబి అన్నం సంగతి తలచుకుంది. మనమూ తిందాం, నీ కొడుకుని ఇంటికి తీసుకెళ్లాక మళ్లీ ఏడుద్దువుగాని అన్నాడు. తనే మేకపోతును కోసినట్టు గొర్రెను కోసి, కాల్పించి, వడ్డించాడు. కొడుకు పోయిన నాటి నుంచి ప్రయామ్ ముద్ద ముట్టలేదు, కన్ను మూయలేదు. ఆ రాత్రి తిన్నాడు. తిన్నాక, పడుకోవడానికి చోటు చూపించమని అడిగాడు.

గాంధారిని నవ్వులపాలు చేసిన ఆకలే ఇక్కడ నియోబికి గౌరవమయింది. ఇంత తల్లే తినింది, నువ్వు తింటే తప్పేమిటని చెప్పడానికి ఆవిడను సాక్ష్యం తెచ్చారు. ఈ రెండు కథల్లో ఏది మన వీధికి కావాలో మీరే చెప్పండి.

ఇంకొక సంగతి చూస్తే మీకూ ఆశ్చర్యం వేస్తుంది. ఎన్నిరోజులు యుద్ధం ఆపమంటావని అకిలీజ్ అడిగితే, ప్రయామ్ లెక్క చెబుతాడు. తొమ్మిది రోజులు ఇంట్లో ఏడుపు, పదో రోజు దహనం, ఊరికి భోజనం, పదకొండో రోజు సమాధి, పన్నెండో రోజు తప్పదనుకుంటే యుద్ధం. మన ఇళ్లల్లో పదో దినం, పదకొండు, పన్నెండు లెక్క పెట్టుకున్నట్టే లేదూ? ఏ దేశంలోనైనా దుఃఖానికి కొన్ని రోజులు కేటాయించి, చివర్లో ఒక విస్తరి వేశారు. పెద్దకర్మ భోజనం బంధువులకు గొప్ప చూపించుకోవడానికి పెట్టింది కాదు. బతికినవాళ్లను మళ్లీ బంతిలో కూర్చోబెట్టడానికి పెట్టింది.

హెక్టర్ శవం ఇంటికొచ్చాక ముగ్గురు ఆడవాళ్లు వరసగా ఏడుస్తారు. భార్య ఆండ్రోమకి, మంచం మీద పడుకుని నా వైపు చెయ్యి చాచి, రాత్రింబవళ్లు తలచుకోవడానికి ఒక్క మాటైనా చెప్పి పోలేదే అని ఏడుస్తుంది. తర్వాత తల్లి. ఆఖర్న, ఈ యుద్ధానికంతటికీ కారణమని అందరూ తిట్టుకునే హెలెన్. తోటికోడళ్లు, ఆడపడుచులు నన్ను మాటలంటుంటే ఆపినవాడు మా బావగారొక్కడే, ఇక నాకెవరున్నారని ఆవిడ ఏడుపు. మన ఇళ్లల్లో శవం పక్కన కూర్చుని వరసలు పెట్టి, చేసిన మేళ్లు చెప్పుకుంటూ ఏడుస్తాం చూడండి, అచ్చం అట్లాగే. అంత పెద్ద యుద్ధకావ్యం గెలుపుతో ముగియలేదు. హెక్టర్ అంత్యక్రియలతో, ప్రయామ్ ఇంట్లో భోజనంతో ముగిసింది.

అంతమాత్రాన వాళ్ల కష్టాలు తీరాయా? తీరలేదు. పన్నెండో రోజు మళ్లీ యుద్ధమే. ప్రయామ్ కొడుకు లేచి రాలేదు. అకిలీజ్‌కు తన చావూ దగ్గరలోనే ఉందని తెలుసు. చావును ఒప్పుకోవడమంటే మర్చిపోవడమనో, మనసు రాయి చేసుకోవడమనో నేను అనుకునేదాన్ని. ఈ కథ చదివాక, ఆ పూటకి ఒక ముద్ద తిని, కాసేపు కన్ను మూసుకోగలిగితే అదే ఒప్పుకోవడానికి మొదటి మెట్టని తెలిసింది. రేపటి ఏడుపు రేపు ఉండనే ఉంటుంది.

ఇక మన చేతుల్లో ఉన్న సంగతులు చెప్పుకుందాం.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి తీసుకెళ్లడం మన ఊళ్లల్లో మంచి ఆచారం. అయితే పులిహోరలూ, కారం కూరలూ ఏడ్చి ఎండిన గొంతుకి దిగవు. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు కడిగి, ఆరు గ్లాసుల నీళ్లు పోసి జారుగా, మెత్తగా ఉడికించండి. చిటికెడు పసుపు, తగినంత ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన పావు చెంచా మిరియాలు, అర చెంచా జీలకర్ర వేస్తే చాలు. మైల రోజుల్లో తాలింపు పెట్టని ఇళ్లు ఉంటాయి గనక, తాలింపు వద్దు. నలుగురికి సరిపోతుంది. పక్కన పల్చటి మజ్జిగ ఉంచండి. మన వైపు నీళ్ల ఇబ్బంది మీకు చెప్పేదేముంది, ఒక బిందె మంచినీళ్లు మోసుకెళ్లినా పెద్ద సాయమే.

ఆ ఇంట్లో షుగరుకి మాత్రలు, ఇంజక్షన్లు వాడే పెద్దవాళ్లున్నారేమో అడిగి తెలుసుకోండి. తిండి లేకుండా మందు వేసుకుంటే షుగరు పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. తినకుండా, మందూ వేసుకోకుండా ఉన్నా ముప్పే. పాలిచ్చే తల్లి ఉంటే ఆవిడ పస్తు ఉండకూడదు. పెద్దవాళ్ల ఏడుపులో చిన్నపిల్లల్ని మర్చిపోతారు, వాళ్లను మీ ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టండి.

భర్త పోయిన ఆవిడ సంగతి మరీ చూడాలి. ఆవిడ్ని ఒక మూల కూర్చోబెడతారు. వచ్చినవాళ్లంతా చూసి ఏడ్చి, కాఫీలు తాగి వెళతారు. ఆవిడ తినిందా లేదా అని అడిగే మనిషి ఉండదు. ఆవిడంతట ఆవిడ అడగదు, అడిగితే ఏమంటారోనని భయం. ఆ మూల దాకా పళ్లెం తీసుకెళ్లే పని ఎవరో ఒకరు పెట్టుకోవాలి.

"ఏడవబాకు, ఏడిస్తే వస్తాడా" అనకండి. ఏడవనివ్వండి. పోయిన మనిషి గురించి చెబితే వినండి, చెప్పిందే పదిసార్లు చెప్పినా వినండి. "తిను తిను" అని దూరం నుంచి కేకలేయకండి. ఒక్కర్నే కూర్చోబెట్టి అందరూ చూస్తుంటే ముద్ద దిగదు. మా వీధి పెద్దామె ఏ కావ్యమూ చదవలేదు. అయినా ముందు తను తిని, తర్వాత పెట్టింది.

వారాలు గడిచినా అన్నం ముట్టకుండా, నిద్ర లేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే మటుకు ఊరుకోకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

ఇకమీదట పక్కింటావిడ గోడ మీదుగా "ఏమన్నా తినిందా?" అని అడిగితే, "తినిందమ్మా, మంచి పని చేసింది" అని గట్టిగా చెప్పండి. తినలేదంటే, ఇద్దరూ కలిసి గిన్నె పట్టుకుని వెళ్లి, వడ్డించి, మీరూ పక్కన కూర్చుని తినండి.